భద్రతా సంఘములు - మనస్స్వాస్థ్యము: చందాపుర పారిశ్రామిక ప్రాంతమును గూర్చిన ఒక విమర్శ

ఉపోద్ఘాతము

బెంగుళూరు నగరమునుండి హోసూరునకు పోవు రాజమార్గమున దక్షిణముఖముగా పయనించు బాటసారికి ఆదియందే కానవచ్చు సంస్థలలో నిమ్హాన్స్ ఒకటి. 1954లో అఖిల భారత మానసికారోగ్య సంస్థగా వెలసి, 1974లో ప్రభుత్వపు పాత మానసిక చికిత్సాలయముతో ఏకమై అది నేటి రూపమును దాల్చినది. అదే మార్గమున మరికొంత దూరము సాగినచో 1970వ దశకపు చివర రూపుదిద్దుకొనిన ఎలక్ట్రానిక్ సిటీ, ఆ పిమ్మట హెబ్బగోడి, బొమ్మసంద్ర, తరువాత చందాపుర వచ్చును. ఇచ్చట ఆనేకల్లునకు దారి చీలును. ముందునకు పోయినచో అత్తిబెలె. జిగణి, బొమ్మసంద్ర, అత్తిబెలె పారిశ్రామిక వాడల నడుమ నుండుటచే చందాపుర పనివారి బసగా పెరిగినది. 2025 ఆగస్టులో బొమ్మసంద్రవరకు మెట్రో రైలు వచ్చిన పిదప ఈ ప్రాంతమునకు నగరము మరింత చేరువైనది. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు సీమలనుండి వచ్చిన తెలుగువారు ఇచ్చటి మందుల కర్మాగారములలోను, దుస్తుల మిల్లులలోను, యంత్రశాలలలోను, కంప్యూటరు కార్యాలయములలోను పనిచేయుచున్నారు.

ఒకే మార్గముపై మనస్సును గూర్చి విచారించు విద్యాపీఠమును, మనస్సును అలయించు పనిశాలలును ఉన్నవి. ఆ విద్యాపీఠమున పండిన జ్ఞానము ఈ పనిశాలల గడప దాటి లోనికి వచ్చినదా? రానిచో ఏ ద్వారమున రావలెను? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు మూలము. ఆ ద్వారము చట్టమున ఎప్పుడో నిర్మింపబడియున్నదనియు, దానిపేరు భద్రతా సంఘమనియు, కాని ఆ ద్వారము సగమే తెరువబడినదనియు నిరూపించుట ఇచ్చటి ఉద్దేశము. పనివారు వాడుకలో సేఫ్టీ కమిటీ అనునదే ఈ భద్రతా సంఘము.

పదార్థ విచారము

విమర్శకు ముందు మాటల అర్థమును నిర్ణయించుకొనుట పూర్వులు చూపిన పద్ధతి. ఈ విషయమున మూడు భావములు తరచు కలగాపులగమగుచున్నవి. మొదటిది మానసిక వ్యాధి. దానిని నిర్ణయించుట, చికిత్స చేయుట వైద్యుని పని. రెండవది నోరువిప్పుటకు భయములేని స్థితి. జట్టులోనివాడు తన తప్పును ఒప్పుకొనుటకు, సందేహమును అడుగుటకు జంకకుండుటయే ఈ స్థితి యని, అట్టి జట్టులే బాగుగా నేర్చుకొనుచున్నవని 1999లో అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ వివరించినది. మూడవది పని జరుగు తీరువలన మనస్సునకు కలుగు హానిని ముందుగా గుర్తించి నివారించుట. భద్రతా సంఘమునకు సంబంధించినది ముఖ్యముగా ఈ మూడవది. రెండవది దానికి సాధనము. మొదటిది దాని పరిధిలోనిది కాదు. ఈ భేదమును మరచుటవలననే “కమిటీవారు పిచ్చివైద్యము చేయుదురా?” యను పరిహాసము పుట్టుచున్నది.

స్వస్థుడనగా తనయందు తాను నిలిచినవాడని వ్యుత్పత్తి. సుశ్రుతుడు స్వస్థుని లక్షణమును నిర్వచించునప్పుడు దోషధాతువుల సామ్యముతో ఆగక, ఆత్మేంద్రియమనస్సుల ప్రసన్నతనుకూడ అందు చేర్చెను. ఆధునిక కాలమున అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో అంగీకరించిన 155వ ఒడంబడికయందు, పనికి సంబంధించినంతవరకు ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదనియు, భద్రతతోను పరిశుభ్రతతోను నేరుగా ముడిపడిన శారీరక మానసికాంశములు రెండును అందులోనివే యనియు చెప్పబడినది. కావున ఆరోగ్యమను మాటలో మనస్సును చేర్చుట క్రొత్తగా కల్పించిన వింత కాదు. దానిని వెలివేయుటయే వింత.

ఒక దుర్ఘటన - రెండు పాఠములు

మనదేశమున యజమానులును పనివారును సమానముగా కూర్చుండు సంఘమను భావము 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టముతో వచ్చినది. నూరుమందికి తక్కువకాని సంస్థలలో వర్క్స్ కమిటీలను ఏర్పరుపుమని ఆజ్ఞాపించుటకు అది ప్రభుత్వమునకు అధికారమిచ్చెను. కాని భద్రతకై ప్రత్యేక సంఘము చట్టమున స్థిరపడుటకు ఒక మహావిషాదము జరుగవలసివచ్చెను. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలులో వెలువడిన విషవాయువు వేలమందిని బలిగొనెను. దాని ఫలితముగా 1987లో ఫ్యాక్టరీల చట్టము సవరింపబడి, ప్రమాదకర ప్రక్రియలు జరుగు కర్మాగారములలో కార్మికుల ప్రతినిధులు, యాజమాన్య ప్రతినిధులు సమసంఖ్యలో గల భద్రతా సంఘము ఉండవలెనను 41-జి విభాగము చేరెను. పనిలో భద్రతను, ఆరోగ్యమును నిలుపుటలో ఇరుపక్షముల సహకారమును పెంపొందించుటయు, అందుకై తీసికొనిన చర్యలను అప్పుడప్పుడు సమీక్షించుటయు దాని కర్తవ్యములు.

ఇదే భోపాలు మరియొక పాఠమును గూడ నేర్పెను. శరీరమున గాయము కనబడనివారును నిద్రలేమితో, భయముతో, దుఃఖముతో క్రుంగిపోవుచుండుటను వైద్యులు గమనించిరి. నిమ్హాన్స్ ఆచార్యులు ఆర్. శ్రీనివాసమూర్తి మొదలగువారు అచ్చటి సామాన్య వైద్యులకు మనోవ్యథలను గుర్తించి ఆదరించుటలో శిక్షణ నిచ్చిరి. అనగా పారిశ్రామిక ప్రమాదము మనస్సునుగూడ గాయపరుచునని మనదేశమున మన విద్వాంసులే నాలుగు దశాబ్దములకు పూర్వము నిరూపించిరి.

ఒక దుర్ఘటననుండి రెండు పాఠములు వెలువడెను. చట్టము మొదటిదానిని నేర్చుకొని రెండవదానిని విడిచెను. 41-జి విభాగమున ఆరోగ్యమను పదము కలదు, అందు మనస్సు లేదని చట్టము చెప్పలేదు, ఉన్నదనియు చెప్పలేదు. ఆ మౌనమును ఆచారము తనకు అనుకూలముగా పూరించుకొనెను. శిరస్త్రాణములు, చేతితొడుగులు, అగ్నిమాపక సాధనములు, జారుడు నేలలు - ఇవి సంఘపు చర్చనీయాంశములైనవి. రాత్రి షిఫ్టు ముగించి ఇల్లు చేరినవాడు ఏల నిద్రింపలేకున్నాడను ప్రశ్న అందు చేరలేదు.

అట్లే ఆ చట్టమునకు అనుబంధమైన వృత్తివ్యాధుల పట్టికలో సీసపు విషము, సిలికోసిస్, శబ్దముచే కలుగు చెవుడు మున్నగునవి కలవు. మనోవ్యాధి ఒక్కటియు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థయో, 2010లో సవరించిన తన వృత్తివ్యాధుల పట్టికలో మానసిక వ్యాధులకు ప్రత్యేక స్థానమునిచ్చి, ఘోరసంఘటనానంతరము కలుగు మనోవికారమును పేరుపెట్టి పేర్కొనెను. పట్టికలో లేనిది లెక్కకు రాదు. లెక్కకు రానిది సభలో చర్చకు రాదు. ఇదియే మొదటి లోపము.

గౌరవభంగమునకు చోటులేనిచో

మనస్సునకు సంబంధించిన బాధలు సున్నితమైనవి, సంపన్నుల విలాసములు, కూలివానికి కావలసినది కూలి మాత్రమే యను అభిప్రాయము కొందరికి కలదు. ఈ ప్రాంతపు చరిత్రయే దీనిని ఖండించుచున్నది.

చందాపురకు తూర్పున కోలారు బంగారు గనులు కలవు. తమిళులతోపాటు తెలుగువారును ఆ గనులలో తరతరములుగా పాటుపడిరి. 2001 ఫిబ్రవరిలో మూతపడువరకు, రాతి ఒత్తిడిచే సంభవించు విస్ఫోటములకు వెఱచుచునే వారు భూగర్భమునకు దిగుచుండిరి. అట్టి వారు 1930లో చేసిన సమ్మెకు ప్రధాన కారణము వేలిముద్రలతో నమోదుచేయు పద్ధతి. ప్రాణభయమును ఓర్చినవారు నేరస్థులవలె తమ వ్రేళ్లను సిరాలో ముంచుటను ఓర్వలేకపోయిరి. అవమానము కూలివానికి లెక్కలేదనువారు ఈ ఘట్టమును స్మరింపవలెను.

2016 ఏప్రిలు 18, 19 తేదీలలో బెంగుళూరు దుస్తుల మిల్లులలోని పనివారు, అందు మిక్కిలిగా స్త్రీలు, వేలసంఖ్యలో వీథులలోనికి వచ్చిరి. బొమ్మనహళ్లి చెంత ఈ హోసూరు మార్గమే స్తంభించినది. భవిష్యనిధినుండి యజమాని వాటాను 58 ఏండ్ల వరకు తీసికొనరాదను క్రొత్త నిబంధన వారి ఆందోళనకు కారణము. 19వ తేదీననే కేంద్రప్రభుత్వము ఆ నిబంధనను ఉపసంహరించెను. నిబంధన చేసినది ఢిల్లీ, మిల్లులు కావు. అయినను, పిల్లల చదువునకో పెండ్లికో దాచుకొనిన సొమ్ము చేజారునను భయము వారిని రెండు నెలలుగా లోలోన దహించుచుండగా, ఆ భయమును వినుటకు, నిజమేదో చెప్పుటకు మిల్లులోపల ఒక వేదిక యున్నచో వారి క్లేశము కొంతయైన తగ్గియుండెడిది కదా!

2020 డిసెంబరు 12న కోలారు జిల్లా నరసాపురములోని విస్ట్రాన్ కర్మాగారమున విధ్వంసము జరిగెను. కొద్దికాలములో పనివారి సంఖ్య అమితముగా పెరిగినదనియు, పనివేళలు 12 గంటలకు మార్చబడినవనియు, వేతనముల చెల్లింపులో లోపములున్నవనియు కర్ణాటక ఫ్యాక్టరీల శాఖవారి విచారణలో తేలెను. విధ్వంసమును ఎవ్వరును సమర్థింపరాదు. కాని సహనమునకును విధ్వంసమునకును నడుమ చెప్పుకొనుటయను మెట్టొకటి కలదు. ఆ మెట్టు లేనిచోట మనుష్యుడు ఒక్కసారిగా క్రిందపడును.

ఈ మూడు ఘట్టములలోను ఒక పోలిక యున్నది. ఒకచోట అవమానము, ఒకచోట భయము, ఒకచోట అలసటతో గూడిన అనిశ్చయము - ఇవి మనోభావములు. ఇవి లోపల చర్చకు రానందున బయట ఘర్షణగా పరిణమించెను. బయటికి రానివి ఎన్నియో లోలోపలనే నిద్రలేమిగా, త్రాగుడుగా, కలహముగా, కొన్నిచోట్ల ఆత్మహత్యగా పరిణమించును. వీథికెక్కినదానిని పత్రికలు వ్రాయును. ఇంటిలో కుములునదానిని ఎవరును వ్రాయరు.

హాని పుట్టు తావులు

పని మనస్సును ఎట్లు గాయపరుచును? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానములలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. 1979లో రాబర్ట్ కరాసెక్ ప్రతిపాదించిన దానినిబట్టి, పనిభారము హెచ్చుగా ఉండుట ఒక్కటియే హాని కాదు. భారము హెచ్చై, దానిని ఎట్లు నిర్వహించుకొనవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యము తక్కువైనచో హాని కలుగును. 1996లో యోహానెస్ సీగ్రిస్ట్ చెప్పిన దానినిబట్టి, పడిన శ్రమకు తగిన ప్రతిఫలము - అది ధనమే కానక్కరలేదు, గౌరవము, స్థిరత్వముకూడ ప్రతిఫలములే - లభింపనిచో మనస్సు క్రుంగును.

ఈ రెండు సిద్ధాంతములను ఒక కుట్టుమిల్లునకు అన్వయింతము. గంటకు ఇన్ని కాలరులని టార్గెట్టు. ఆ సంఖ్యను నిర్ణయించినది ఆమె కాదు. నీరు త్రాగినచో లేచిపోవలసివచ్చునని ఆమె దాహమునే అణచుకొనును. సంఖ్య తగ్గినచో పదిమంది ఎదుట సూపర్వైజరు నోటివెంట రాకూడని మాట వచ్చును. యంత్రపు సూదికి రక్షణకవచము అమర్చియే యున్నది. చట్టమునకు లోపము లేదు. కాని ఆమె చేతికి రక్షణ యున్నంతగా ఆమె మనస్సునకు లేదు. అంతమాత్రమే కాదు: బెదిరిన మనస్సు చేతిని తడబరుచును, నిద్రలేని కన్ను మీటను తప్పుగా చూచును. మనోభద్రత లేనిచోట దేహభద్రతయు నిలువదు.

కంప్యూటరు కార్యాలయములో రూపము వేరు, సారమొక్కటే. అచ్చట సూదిలేదు, కాని పనివేళకు హద్దును లేదు. విదేశపు పగటికి అనుగుణముగా మన రాత్రి నడుచును. పని యున్నదో ఊడినదో ఉదయము వచ్చు ఒక ఉత్తరమున తెలియును.

వలసవచ్చిన తెలుగువానికి దీనిపై ఇంకొక భారము కలదు. పైవాడు కన్నడమునను, హిందీయందును, ఆంగ్లమునను మాటలాడును. కడుపునొప్పిని ఏ భాషలోనైనను చేతితో చూపవచ్చును. మనోవ్యథను తల్లిభాషలో తప్ప చెప్పుట కష్టము. ఒకే గదిలో నలుగురైదుగురు వేర్వేరు షిఫ్టులవారు నివసించుటచే ఒకని నిద్ర మరొకనికి భంగమగును. ఇంటికి పంపవలసిన సొమ్ము, ఊరిలోని అప్పు, కాంట్రాక్టు ముగియు తేది - ఇవి ఎల్లప్పుడును మనస్సున మెదలుచుండును.

క్రొత్త స్మృతి - పాత సందిగ్ధత

2025 నవంబరు 21న వృత్తిభద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి అమలులోనికి వచ్చి ఫ్యాక్టరీల చట్టమునకు బదులుగా నిలిచెను. 2020లోనే పార్లమెంటు ఆమోదించిన ఈ స్మృతియందలి 22వ విభాగము భద్రతా సంఘమును గూర్చినది. దానిలోని గుణములను మొదట చెప్పవలెను. పూర్వము ఫ్యాక్టరీల చట్టమున ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారములకే పరిమితమైన భావము ఇప్పుడు ఏ సంస్థకైనను వర్తింపదగినదైనది. కార్మికుల ప్రతినిధులు యజమాని ప్రతినిధులకంటె తక్కువగా ఉండరాదు. 14వ విభాగము ననుసరించి పనివాడు తన భద్రతను, ఆరోగ్యమును గూర్చిన సమాచారమును యజమానినుండి పొందవచ్చును. తన మొరను నేరుగాగాని, సంఘ సభ్యుని ద్వారముననుగాని తెలుపుకొనవచ్చును.

ఇక దోషములు. ఒకటి: ప్రభుత్వము ఆజ్ఞాపించినప్పుడే సంఘము తప్పనిసరియగును. మొరపెట్టుకొను హక్కును గూర్చిన విభాగమే ‘అట్టి సంఘము ఏర్పడియున్నచో’ అను అర్థమిచ్చు మాటతో తన్ను తాను పరిమితము చేసికొనెను. హక్కును ఇచ్చి, దానిని వినువానిని ఐచ్ఛికముగా నుంచుట ఎట్టి న్యాయము? బ్రిటనులో 1977 నాటి నిబంధనలప్రకారము గుర్తింపుగల కార్మికసంఘము నియమించిన భద్రతా ప్రతినిధులు ఇద్దరు వ్రాతమూలముగా కోరినచో యజమాని సంఘమును స్థాపింపవలెను. అచ్చట చొరవ పనివానిది, ఇచ్చట ప్రభుత్వముది.

రెండు: ఈ స్మృతియందును ఆరోగ్యమను మాటలో మనస్సు చేరునని స్పష్టముగా పేర్కొనలేదు. పాత మౌనమే క్రొత్త గ్రంథమున తిరిగి ముద్రింపబడినది.

మూడు: బాధను చెప్పుకొనవలసిన స్థలములు ముక్కలైనవి. పారిశ్రామిక సంబంధముల స్మృతి ననుసరించి 20 మంది, అంతకు మించిన పనివారున్నచోట ఫిర్యాదుల పరిష్కార సంఘము ఉండవలెను. 2013 నాటి చట్టముచే 10 మంది, అంతకు మించినచోట స్త్రీలపై లైంగిక వేధింపులను విచారించు అంతర్గత సంఘము ఉండవలెను. కర్ణాటక ప్రభుత్వము కంప్యూటరు పరిశ్రమకు స్టాండింగ్ ఆర్డర్ల చట్టమునుండి మినహాయింపునిచ్చినప్పుడును ఇట్టి సంఘములు ఉండవలెనని నియమము విధించెను. ఇన్ని సంఘములున్నను, నాలుగు నెలలుగా నిద్రలేక క్రుంగుచున్న పనివాడు ఏ తలుపు తట్టవలెనో ఎవ్వరును చెప్పలేరు. అతనిది లైంగిక వేధింపు కాదు, వేతన ఫిర్యాదు కాదు, యంత్రప్రమాదము కాదు. అన్ని తలుపుల నడుమను నిలిచి అతడు వెనుదిరుగును.

ఇచ్చట 2013 చట్టమునుండి మనము ఒక విషయము నేర్వవచ్చును. స్త్రీ ఆరోగ్యమునకో భద్రతకో భంగము కలిగించు అవమానకర ప్రవర్తనను ఆ చట్టము పేరుపెట్టి చెప్పెను. అవమానము ఆరోగ్యహేతువని మన చట్టము ఒకచోట అంగీకరించియేయున్నది. ఆ అంగీకారమును తక్కిన పనివారందరికి విస్తరింపజేయుట అసాధ్యము కాదు.

పరదేశముల అనుభవము

జపానులో 50 మంది, అంతకు మించిన పనివారు గల సంస్థలలో ఆరోగ్య సంఘము నెలకొకసారియైనను సమావేశము కావలెను. 2015 డిసెంబరు మొదలు అట్టి సంస్థలు ఏటేట పనివారి మనోభారమును ప్రశ్నావళిద్వారా పరీక్షింపవలెనని విధింపబడినది. ఆ పరీక్ష ఎట్లు జరుగవలెనో ఆరోగ్య సంఘమే చర్చించును. ఒక్కొక్కని ఫలితము అతని సమ్మతిలేక యజమానికి చేరదు. ఇందలి మర్మమును గమనింపుడు: వ్యక్తి రహస్యము వ్యక్తిదే, విభాగపు స్థితి సంఘమునకు.

స్వీడను 2015లో పనిభారము, పనివేళలు, పనిలో జరుగు తేజోభంగము వీనినిగూర్చి ప్రత్యేక నిబంధనలను చేసెను. కెనడా 2013లో మనస్స్వాస్థ్యమునకు జాతీయ ప్రమాణమును వెలువరించెను, అది స్వచ్ఛందము. 2021లో ఐ.ఎస్.ఓ. 45003 అను అంతర్జాతీయ మార్గదర్శక ప్రమాణము వచ్చెను. 2022 జూనులో అంతర్జాతీయ కార్మిక సంస్థ సురక్షితమును ఆరోగ్యకరమునైన పని వాతావరణమును పనివారి ప్రాథమిక హక్కులలో చేర్చెను. ఆ ఏడే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శక సూత్రములలో పని జరుగు తీరునే మార్చుటను ముందుంచినది. కుంగుబాటు, ఆందోళనలవలన ప్రపంచమున ఏటేట 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ఆ రెండు సంస్థల అంచనా.

ఇచ్చట మన యాజమాన్యముల ఆచారమును విమర్శింపక తప్పదు. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవమున ప్రతిజ్ఞ చదివించుట, ఒక పూట యోగాభ్యాసము చేయించుట, సలహాదారుని ఫోను సంఖ్యను గోడకు అంటించుట - ఇవి చెడ్డవి కావు. కాని వీనియన్నిటి యందును ఒక తాత్పర్యము దాగియున్నది: లోపము పనివాని మనస్సున గలదు, దానిని అతడే సరిదిద్దుకొనవలెనని. పైకప్పు కారుచుండగా ఇంటివారికి గొడుగులు పంచుట వంటిదిది. గొడుగు అక్కరకు వచ్చును. కాని కప్పును ఎవరు నేయింతురు? కప్పును చూడవలసినది సంఘము.

ఆక్షేపములు

ఈ వాదమునకు మూడు ఆక్షేపములు రావచ్చును. మొదటిది: మనస్సు ఆంతరంగికము, సంఘములో దానిని చర్చించుట పరువునకు భంగము. ఇది సమంజసమైన భయమే. అందుచేతనే సంఘము వ్యక్తులను చర్చింపరాదని, పనిని మాత్రమే చర్చింపవలెనని మొదటి నియమము కావలెను. “ఫలానావాడు క్రుంగినాడా?” అని కాక, “ఈ విభాగమున షిఫ్టు మార్పు ఎన్ని గంటలు ముందుగా తెలియుచున్నది?” అని అడుగవలెను.

రెండవది: చిన్న కర్మాగారములకు ఇది మోయరాని భారము. కాని నిందావాక్యమును మానుటకు, షిఫ్టు పట్టికను వారము ముందుగా ప్రకటించుటకు వ్యయమేమి?

మూడవది మిక్కిలి బలమైనది: సంఘములు యజమాని చేతి కీలుబొమ్మలు, అందు మనస్సును చేర్చినను మినిట్సు పుస్తకమున మరొక పంక్తి చేరుట తప్ప ప్రయోజనము లేదు. ఈ వ్యాసకర్త దీనిని పూర్తిగా కాదనజాలడు. ప్రతినిధులను పనివారు ఎన్నుకొనక సూపర్వైజర్లు సూచించుచున్నచో, కాంట్రాక్టు పనివారికి స్థానమే లేనిచో, స్త్రీలు మిక్కిలిగా గల మిల్లులో సంఘమంతయు పురుషులతో నిండియున్నచో, అది పేరునకే సంఘము. అయితే చెడిన పనిముట్టును సానపట్టవలెను గాని పారవేయరాదు. చేతిలో వేరొక పనిముట్టు లేనప్పుడు ఇది మరింత సత్యము.

కర్తవ్యములు

సంఘము చేయదగినవి ఇవి. ప్రతి విభాగమున పనిభారము, పనివేళలు, విరామములు, మరుగుదొడ్డికి పోవు స్వేచ్ఛ, అధికారుల భాష - ఈ అయిదింటిని మూడు నెలలకొకసారి పరిశీలింపవలెను. గైరుహాజరీ, ఉద్యోగము విడిచిపోవుట, తృటిలో తప్పిన ప్రమాదములు - ఈ లెక్కలను పేర్లులేకుండ విభాగములవారీగా తెప్పించుకొనవలెను. ఏ విభాగమున సంఖ్య హెచ్చినదో అచ్చట కారణము వెదకవలెను. ప్రమాదము జరిగినపుడు గాయపడినవానినే కాక, కన్నులార చూచినవారినిగూడ తలచుకొనవలెను. మరునాడే అదే యంత్రము చెంతకు వారిని నెట్టరాదు. 2020 మే 7న విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి 12 మంది మరణించిన తెల్లవారుజామును చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. మొర చెప్పినవానిపై కక్షసాధింపు జరుగకుండుటకు సంఘము పూచీపడవలెను. నిర్ణయములు పనివారు చదువగల భాషలలో, ఈ ప్రాంతమున కన్నడముతోపాటు తెలుగునను, తమిళమునను, హిందీయందును, గోడపై ప్రకటింపబడవలెను.

చికిత్స అవసరమైనవారికి మార్గము చూపుటయు సంఘపు విధియే. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యపై ఎప్పుడైనను, మూల్యము లేకుండ, తెలుగున మాటలాడవచ్చును. దానికి జాతీయ కేంద్రము నిమ్హాన్స్. సాంకేతిక సహాయము ఎలక్ట్రానిక్ సిటీలోని ఐ.ఐ.ఐ.టి. బెంగుళూరు. ఆ సేవకు మూలములైన రెండు సంస్థలును చందాపుర పనివాడు దినమును పయనించు మార్గముపైననే యుండగా, అతనికి ఆ సంఖ్య తెలియకుండుట మన లోపమే.

ఉపసంహారము

తెలుగు సంఘములు ఉగాదికి పంచాంగ శ్రవణమును, సంక్రాంతికి ముగ్గుల పోటీలను జరుపుచున్నవి. అవి జరుగవలసినవే. వానితోపాటు, భద్రతా సంఘములలో సభ్యులైన మన పనివారిని ఏటికొకసారి ఒకచోట చేర్చి, చట్టము వారికిచ్చిన హక్కులను తెలుగున బోధించినచో అది భాషాసేవయు, జనసేవయు కాగలదు. పరాయిచోట తల్లిభాషలో కష్టమును చెప్పుకొనుటకు ఒక చెవి దొరుకుట ఎంత ఊరటయో, ఊరు విడిచి వచ్చిన ప్రతివానికి తెలిసినదే.

చట్టమున ఆరోగ్యమను పదము వ్రాయబడియున్నది. ఆ పదమునకు పూర్ణార్థమును కల్పించుట న్యాయస్థానములకో శాసనసభలకో విడిచి ఎదురుచూడనక్కరలేదు. రేపటి సమావేశమున, అగ్నిమాపక సాధనముల లెక్క ముగిసిన పిమ్మట, ఒక సభ్యుడు లేచి “మన విభాగమున రాత్రి షిఫ్టువారు ఎట్లున్నారు?” అని అడిగినచో చాలును. సగము తెరచిన తలుపు అంతటితో పూర్తిగా తెరచుకొనుటకు మొదలిడును.